అంకోర్: మోకాళ్ల నొప్పులున్న నాన్న, గుడ్డు కూడా ముట్టని అమ్మ, తొమ్మిదేళ్ల పాపతో ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఓరుగల్లు_రవళి

సంక్రాంతి అయ్యాక జనవరి మూడో వారంలో కంబోడియాలో అంకోర్ గుళ్లు చూడాలనుకుంటున్నాం. ఆ గుళ్ల పక్కనున్న ఊరు సియెమ్ రీప్‌లో నాలుగు రాత్రులు, మధ్యలో మూడు పూర్తి రోజులు చేతిలో ఉంటాయి. మొత్తం ఐదుగురం: మేమిద్దరం, నాన్న (68), అమ్మ (63), పాప (9). నాన్నకి మోకాళ్లు అరిగాయి. చదునుగా ఉంటే గంటసేపు హాయిగా నడుస్తారు గానీ రామప్ప గుడి ఎత్తు అరుగు మెట్లు కూడా ఆగి ఆగి ఎక్కాల్సి వచ్చింది. అమ్మ శుద్ధ శాకాహారి.

గుళ్లు చూసే పాసు ఒక రోజుది తీసుకోవాలా, మూడు రోజులదా? అంకోర్ వాట్ గుడి దగ్గర అందరూ చెప్పే ఆ సూర్యోదయం కోసం పెద్దవాళ్లని నాలుగింటికి లేపడం అవసరమా? ఆ గుడి పై అంతస్తు ఎక్కకపోతే ఏం పోగొట్టుకుంటాం? హైదరాబాద్ నుంచి బ్యాంకాక్ దిగి అక్కణ్నుంచి బస్సులో వెళ్తే చవక అంటున్నారు, నిజమేనా? అక్కడ భోజనం సంగతి కూడా చెప్పండి. భారతం, రామాయణం నాన్నకి కంఠతా వచ్చు కాబట్టి శిల్పాల గురించి కాస్త వివరంగా రాస్తే సంతోషం.

---

ప్రాకారం

రవళి గారూ, మూడు రోజుల పాసే తీసుకోండి. ఒక రోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62, ఏడు రోజులకి 72. మూడు రోజుల పాసుని వరుసగా వాడాలని లేదు, పది రోజుల్లో ఏ మూడు రోజులైనా సరే. పెద్దలకి రాయితీ లేదు. పన్నెండేళ్లలోపు పిల్లలకి ఉచితం, కానీ వయసు రుజువుకి పాస్‌పోర్టు చూపించాలి. అంటే మీకు నాలుగు పాసులు, 248 డాలర్లు.

మూడు రోజులు ఎందుకంటున్నానంటే చూడాల్సినవి ఎక్కువని కాదు, ఎండ. పొద్దున ఆరున్నర నుంచి పదిన్నర దాకా చూసి, హోటల్‌కి వచ్చి భోంచేసి ఓ కునుకు తీసి, మూడున్నరకి మళ్లీ బయల్దేరొచ్చు. ఒక్కరోజు పాసు కొన్నవాళ్లు డబ్బులు కిట్టించుకోవాలని మిట్టమధ్యాహ్నం రాళ్ల మధ్యే ఉండిపోతారు. జనవరిలో కూడా ఒంటిగంటకి ఆ రాతి వసారాల్లోంచి వేడి కొడుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు అలిసిపోయేది అప్పుడే, కాలు జారేదీ అప్పుడే.

టికెట్లు గుడి దగ్గర అమ్మరు. ఊరికీ గుళ్లకీ మధ్య వేరే పెద్ద కార్యాలయం ఉంది, అక్కడే కొనాలి. పాసు మీద ఎవరి ఫొటో వాళ్లది ఉండాలి, దాన్ని కౌంటర్లోనే తీస్తారు. కాబట్టి ఒకరు వెళ్లి అందరికీ తేవడం కుదరదు. అధికారిక వెబ్‌సైట్లో ఫొటో ఎక్కించి ముందే కొనుక్కుంటే ఆ వరస తప్పుతుంది. హోటల్ వాళ్లూ ఏజెంట్లూ అమ్మే పాసులు చెల్లవు. సాయంత్రం ఐదు దాటాక కొన్న పాసు మర్నాటి నుంచి లెక్క, ఆ సాయంత్రం సూర్యాస్తమయానికి మాత్రం ఉచితంగా పోనిస్తారు. ఆ హడావిడిలో చాలామంది ఫ్నోమ్ బాఖెంగ్ కొండకి పరిగెత్తుతారు. అక్కడ పైన ఒక్కసారి 300 మందికే చోటు, మీరు చేరేసరికి వరస ఆపేస్తారు, పైగా కొండెక్కాలి. జనవరిలో పొద్దు ఆరులోపే గుంకుతుంది. మీరు దిగిన రోజు సాయంత్రం స్రా స్రాంగ్ కోనేటి గట్టున కూర్చోండి. మెట్లెక్కే పని లేదు, నీళ్ల మీద వెలుగు బాగుంటుంది.

బండి: అక్కడి టుక్‌టుక్‌ని రెమోర్క్ అంటారు, మోటార్‌సైకిల్ వెనక తగిలించిన బండి. నలుగురికే సరిపోతుంది. ఎక్కే అడుగు కూడా ఎత్తు. మీ ఐదుగురికి ఏసీ కారో చిన్న వ్యానో రోజంతా మాట్లాడుకోండి. బేరం చేసేటప్పుడే మధ్యాహ్నం హోటల్‌కి తెచ్చి మళ్లీ తీసుకెళ్లడం, బాంతే స్రేయ్ గుడి దూరం, రెండూ కలిపి మాట్లాడాలి. చిన్న చుట్టు, పెద్ద చుట్టు అని రెండు రూట్లు వాళ్ల నోట్లో ఉంటాయి (17 కిలోమీటర్లు, 26 కిలోమీటర్లు). బాంతే స్రేయ్ ఈ రెండింట్లోనూ రాదు, అందుకే రోజు మధ్యలో అదనం అడుగుతారు.

నా లెక్కలో మీ క్రమం ఇది. మొదటి పూట అంకోర్ వాట్, సాయంత్రం బయాన్ గుడి. రెండో రోజు పొద్దున ఏడింటికే బాంతే స్రేయ్‌కి బయల్దేరాలి. మూడో రోజు తా ప్రోమ్‌కి ఏడున్నరకల్లా చేరి, మధ్యాహ్నం తర్వాత ఓపిక ఉంటే ప్రా ఖాన్. ప్రె రూప్, తూర్పు మెబోన్, తా కేవ్ మెట్ల గోపురాలు. వాటిని నాన్నగారికి కింద నుంచి చూపిస్తే చాలు.

సూర్యోదయం గురించి చిన్న మాట. అంకోర్ వాట్ పడమటి ముఖం గుడి, కాబట్టి పొద్దు గోపురాల వెనక నుంచి వస్తుంది. నడిగోపురం నెత్తిన పొద్దు కూర్చున్న ఫొటోలన్నీ మార్చి 21, సెప్టెంబరు 23 చుట్టుపక్కల తీసినవి. జనవరిలో పొద్దు బాగా కుడికి జరిగి లేస్తుంది. ఎడమవైపు కొలను దగ్గర నిలబడితే ఆ తేడా కొంత తగ్గుతుంది గానీ అక్కడే అందరూ ఉంటారు, ఐదుంబావుకే ముందు వరస నిండిపోతుంది. పెద్దవాళ్లని చీకట్లో ఆ రాతి బాట మీద నడిపించొద్దు. మీ ఇద్దరిలో ఎవరికైనా సరదా ఉంటే వెళ్లిరండి, మిగతావాళ్లు ఏడింటికి చేరుకుంటే సరిపోతుంది. ఫొటోల జనం ఆ వేళకి టిఫిన్లకి తిరిగిపోతుంటారు.

---

పర్వాలు18

నాన్నగారికి భారతం వచ్చన్నారు కాబట్టి శిల్పాల సంగతి నేను చెప్తాను.

అంకోర్ వాట్‌ని కట్టించింది రెండో సూర్యవర్మ, 12వ శతాబ్దం మొదటి సగంలో, విష్ణువుకి. చుట్టూ 190 మీటర్ల వెడల్పు కందకం. దాన్ని దాటి, గోపురద్వారం దాటి, 350 మీటర్ల రాతి బాట నడిస్తే శిల్పాల వసారా వస్తుంది. బండి దిగిన చోటు నుంచి ముప్పావు కిలోమీటరు పైనే, నీడ తక్కువ. ఆ నడక తర్వాత నాన్నగారిని కాసేపు కూర్చోబెట్టండి, అసలు పని అక్కడ మొదలవుతుంది.

వసారాలోకి అడుగు పెట్టాక మన అలవాటు కొద్దీ కాళ్లు ఎడమకి తిరుగుతాయి, ప్రదక్షిణగా. ఇక్కడ కుడికి తిరగాలి. కథలన్నీ అప్రదక్షిణంగా చెక్కారు. ఇది రాజు అంత్యకర్మతో ముడిపడిన గుడి కాబట్టే అలా అని ఒక వాదన ఉంది, గుడి పడమటి ముఖంగా ఉండటం కూడా దానికి తోడు. ఏ వాదన మాటెలా ఉన్నా, ప్రదక్షిణగా వెళ్తే ఊరేగింపులు మీకు ఎదురొస్తాయి, వరస తిరగబడుతుంది.

కుడికి తిరగ్గానే కురుక్షేత్రం. దాదాపు 49 మీటర్ల పొడవు, రెండు మీటర్ల ఎత్తు. ఎడమ నుంచి కౌరవ సేన, కుడి నుంచి పాండవ సేన నడిచొస్తాయి. రెండు చివర్లా అడుగు వరసలో పదాతులు ఒకే కాలు ఎత్తి కవాతు చేస్తుంటారు. నడుమకి వచ్చేకొద్దీ ఆ లయ చెదిరి, గుర్రాలూ మనుషులూ ఒకరి మీద ఒకరు పడిపోతారు. ఎడమ సగంలో పై భాగాన అంపశయ్య మీద భీష్ముడు, చుట్టూ చూడవచ్చినవాళ్లు. దాటిపోకండి, చాలామంది గైడ్లు నడుమ యుద్ధం చూపించి లాక్కుపోతారు. నాలుగు చేతుల సారథి కనిపిస్తే అది కృష్ణుడు, ఆ రథం అర్జునుడిది.

మూల మీద చీకటి మండపం వస్తుంది. గైడు లేనివాళ్లు నూటికి తొంభై మంది దీన్ని నడవా అనుకుని దాటిపోతారు. చిన్న టార్చి ఉండాలి, వెలుగు గోడకి ఎదురుగా కాక పక్క నుంచి వేయాలి, అప్పుడే గీతలు లేస్తాయి. వాలి సుగ్రీవుల పోరు, కింద బాణం దిగిన వాలి తార ఒడిలో, వరసలు వరసలుగా ఏడుస్తున్న వానరులు. ఒక్క వానరుడి ముఖం ఇంకొకడిలా లేదు. కైలాసాన్ని కదిలించే రావణుడు, మన్మథ దహనం, గోవర్ధనం కూడా ఇక్కడే.

దక్షిణపు వసారా మొదటి సగంలో సూర్యవర్మ కొలువు, ఊరేగింపు. 94 మీటర్లు. రాజుని గుర్తుపట్టడానికి గొడుగులు లెక్కపెట్టాలి, అతనికి 15. పాపకి ఆ పని అప్పగించండి. రెండో సగంలో స్వర్గ నరకాలు. దున్నపోతు మీద బోలెడు చేతులతో యముడు, పక్కన చిత్రగుప్తుడు లెక్క తేల్చి వేలు చూపిస్తుంటాడు, ఆ వెంటనే పాపుల్ని కింది వరసలోకి తోసేస్తుంటారు. 37 స్వర్గాలు, 32 నరకాలు. ఏ నరకం ఏ తప్పుకో చిన్న అక్షరాల్లో రాళ్ల మీదే రాసి ఉంది. మన యమపటాలు తెలిసినవాళ్లకి ఇక్కడ గైడు అక్కర్లేదు.

తూర్పు మొదటి సగం క్షీరసాగర మథనం. ఎడమ 92 మంది అసురులు, కుడి 88 మంది దేవతలు, నడుమ విష్ణువు, అడుగున కూర్మం. మందర పర్వతం తిరిగే చోట నీళ్లలో చేపలూ మొసళ్లూ ఎలా ముక్కలయ్యాయో వంగి చూడండి. దేవతల వైపు చివర, వాసుకి తోక పట్టుకుని ఉన్నది హనుమంతుడంటారు. ‘క్షీరసాగర మథనంలో హనుమంతుడేంటి’ అని నాన్నగారు అడుగుతారు. ఖ్మేర్ (కంబోడియా) శిల్పులు కథల్ని తమ పద్ధతిలో చెప్పుకున్నారు, అంతే. వాళ్ల రామాయణం రియామ్‌కేర్‌లో ఇలాంటివి ఇంకా ఎన్నో.

ఆ తర్వాత తూర్పు రెండో సగం, ఉత్తరం మొదటి సగం 16వ శతాబ్దంలో చెక్కినవి, పనితనం పలచన. ఆగకుండా నడవండి. మళ్లీ పడమటికి తిరిగాక లంకా యుద్ధం దగ్గర ఆగాలి, 51 మీటర్లు. హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేసే రాముడు, వెనక లక్ష్మణుడు, విభీషణుడు, ఎదురుగా సింహాలు లాగే రథం మీద ఇరవై చేతుల రావణుడు. వానరులు రాక్షసుల్ని కొరకడం, జుట్టు పట్టి ఈడ్వడం ఎంత దగ్గరగా చూస్తే అంత బాగుంటుంది.

వసారా చుట్టుకొలత మొత్తం 800 మీటర్లు. ఒకసారి పైకెక్కాక దాదాపు చదునే, కానీ ద్వారాల దగ్గర రాతి గడపలు మోకాలి కిందిదాకా ఉంటాయి. నాన్నగారి చేతికి కర్ర ఇవ్వండి, అడుగు ఎత్తడానికి కాదు, దించేటప్పుడు ఆసరాకి. రెండున్నర గంటలు పట్టించుకోండి. గోడని ముట్టుకోవద్దు. అక్కడక్కడా నల్లగా నిగనిగలాడేవి చేతుల జిడ్డుతో అరిగిన చోట్లు.

---

సూటిగా_సుబ్బు

నేనైతే ఒక్కరోజు పాసే అంటాను. తొమ్మిదేళ్ల పిల్ల మూడో గుడికే ‘ఇంకెన్ని?’ అంటుంది. అంకోర్ వాట్, బయాన్, తా ప్రోమ్ మూడూ ఒక్కరోజులో అవుతాయి, మిగతా రెండు రోజులూ టోన్లే సాప్ సరస్సు, ఈత కొలను, బజారు. 25 డాలర్లు తలకి మిగిలినట్టే.

---

పర్వాలు18

సుబ్బు గారూ, మూడూ ఒక్కరోజులో అవుతాయి, కాదనను. కానీ అలా చూసినవాళ్లకే అన్నీ ఒకేలా కనిపిస్తాయి. పిల్లలకి విసుగొచ్చేది గుళ్లు ఎక్కువై కాదు, ఒకే రకంవి వరసగా చూపిస్తే. అంకోర్ వాట్ తర్వాత బయాన్ పెట్టండి. ఏడో జయవర్మ కట్టించిన గుడి అది, బయటి గోడ మీద దేవుళ్ల కంటే జనం ఎక్కువ. పొరుగు రాజ్యం చాంపా సైన్యంతో పడవల మీద యుద్ధం, పడవ కింద మొసళ్లు, సంతలో బేరాలు, కోడి పందేలు, వంటలు. కోడి పందెం బొమ్మ దగ్గర మన గోదావరి జిల్లాల వాళ్లు ఎంతసేపు నిలబడతారో చెప్పక్కర్లేదు. ఇదంతా నేల మట్టంలోనే ఉంది. పైన నవ్వు ముఖాల గోపురాలు కింద నుంచి కూడా కనిపిస్తాయి, నాన్నగారు ఎక్కక్కర్లేదు.

తలకి 25 మిగుల్చుకుంటే బాంతే స్రేయ్ పోతుంది. అది పోతే అంకోర్ సగం పోయినట్టే నా దృష్టిలో.

---

గేట్_నంబర్_తొమ్మిది

ప్రయాణం సంగతి. బ్యాంకాక్ నుంచి బస్సు ఆలోచన మానుకోండి. థాయ్‌లాండ్, కంబోడియా మధ్య రోడ్డు సరిహద్దులు 2025 జూన్‌లో మూతపడ్డాయి, ఆ ఏడాది సరిహద్దు వెంట కాల్పులు కూడా జరిగాయి. పాత బ్లాగుల్లో ‘సరిహద్దు ఊరు పోయిపెట్ దాటి ఏడెనిమిది గంటల్లో సియెమ్ రీప్’ అని ఇంకా ఉంది, దాన్ని నమ్మి హోటళ్లు బుక్ చేసినవాళ్లు ఇరుక్కుంటున్నారు. విమానంలోనే వెళ్లండి. టికెట్ కొనే ముందు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఒకసారి ఫ్నాంపెన్‌లోని మన రాయబార కార్యాలయం సూచనలు చూడండి. సరిహద్దు మీదున్న ప్రెయా విహేర్ గుడి (2008 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది) ఈసారికి వద్దు.

హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్, సింగపూర్, బ్యాంకాక్, ఏదో ఒకచోట మారాలి. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్ మీద ఉండేట్టు కొనండి. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొంటే మధ్య దేశంలో ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, మళ్లీ చెకిన్ చేయాలి. ఆ దేశం అనుమతులూ అప్పటికి చూసుకోవాలి. మొదటి విమానం లేటయితే రెండోదాని డబ్బు పోతుంది. పెద్దవాళ్లకి వీల్‌చెయిర్ బుకింగ్‌లోనే అడగండి, కౌంటర్లో అడిగితే దొరకదని కాదు, ఆలస్యమవుతుంది.

కంబోడియాకి మనకి వీసా కావాలి. దిగాక విమానాశ్రయంలోనే ఇస్తారు, పర్యాటక వీసా 30 డాలర్లు, ఒక ఫొటో. ఈ-వీసా కూడా ఉంది. గూగుల్‌లో పైన వచ్చే సైట్లు చాలావరకు దళారులవి. అసలు సైటు చిరునామా చివర ‘డాట్ జీఓవీ డాట్ కేహెచ్’ ఉంటుంది. దీనికి తోడు రాకకి ముందు ఏడు రోజుల్లోపు ఈ-అరైవల్ ఫారం నింపాలి, అది ఉచితం. దానికి డబ్బడిగారంటే తప్పు సైట్లో ఉన్నారని అర్థం. పాస్‌పోర్టు గడువు ఆరు నెలలు మిగిలుండాలి, పాపది ముఖ్యంగా చూడండి, పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్లదే.

కొత్త విమానాశ్రయం 2023 అక్టోబరులో తెరిచారు, ఊరికి 40 కిలోమీటర్ల పైనే. పాత గైడ్లలో ‘పది నిమిషాలు’ అని రాసింది మూతపడ్డ పాత విమానాశ్రయం గురించి. గంట లెక్కేసుకుని హోటల్ వాళ్ల చేత కారు పెట్టించుకోండి.

డబ్బు: డాలర్లు నడుస్తాయి, చిల్లర మాత్రం రియెల్‌లో ఇస్తారు (డాలరుకి సుమారు 4,000). అసలు పేచీ నోట్ల దగ్గర. అంచు చిన్నగా చిరిగినా, పెన్ను గీత ఉన్నా, మరీ పాతదైనా తీసుకోరు. హైదరాబాద్‌లో మార్చేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురుకి పట్టి చూసుకోండి. ఒకటి, ఐదు, పది డాలర్ల నోట్లు ఎక్కువ తీసుకోండి, వంద నోటు ఇస్తే టుక్‌టుక్ అతను చేతులెత్తేస్తాడు.

---

తూటికూర

అమ్మగారి భోజనం నాకొదిలేయండి.

అక్కడ ‘ఓట్ సాచ్’ అంటే మాంసం వద్దని. అక్కడితో ఆగితే చేప వస్తుంది, ఎందుకంటే వాళ్ల లెక్కలో చేప వేరు. చేపల పులుసునీళ్లు (తుక్ త్రేయ్), పులియబెట్టిన చేప ముద్ద (ప్రహొక్), రొయ్యల ముద్ద (కాపి) ఉప్పులాగా ప్రతిదాంట్లో పడతాయి. కూరగాయల వేపుడు కళ్లెదుట చేసినా చివర్లో ఒక గరిటె ఆల్చిప్పల సాస్ పోస్తారు. మన తూటికూర వేపుడు అక్కడ ప్రతి హోటల్లోనూ ఉంటుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ సాస్ వల్లే అమ్మగారికి పనికిరాదు. పచ్చి బొప్పాయి సలాడ్‌లో ఎండు రొయ్యలు. ఆమోక్ (కొబ్బరిపాలతో ఆవిరి మీద వండే కూర) ‘వెజిటబుల్’ అని రాసున్నా మసాలా ముద్ద ముందే నూరి పెట్టుకున్నది, అందులో ఏముందో వంటవాడికే తెలియాలి.

వద్దన్నవాటి జాబితా చెప్పడం కంటే ‘బౌద్ధ సన్యాసి ఉపవాసపు భోజనం’ అనే అర్థం వచ్చే మాట హోటల్ రిసెప్షన్ చేత ఖ్మేర్ లిపిలో చీటీ మీద రాయించుకోండి. దాని కింద వరసగా చేప సాస్, ప్రహొక్, రొయ్యలు, ఆల్చిప్ప సాస్, గుడ్డు వద్దని రాయించండి. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకుంటే ఎక్కడైనా చూపించొచ్చు. ఊళ్లో పబ్ స్ట్రీట్ చుట్టుపక్కల భారతీయ హోటళ్లు చాలానే ఉన్నాయి, రాత్రి భోజనానికి ఇబ్బంది లేదు. సమస్య మధ్యాహ్నానిది, గుళ్ల దగ్గరి బడ్డీల్లో. ప్రాకారం గారు చెప్పినట్టు మధ్యాహ్నం హోటల్‌కి వచ్చేస్తే అదీ తీరుతుంది.

తీసుకెళ్లాల్సినవి: చిన్న కరెంటు కుక్కర్, పులిహోర పొడి, కందిపొడి, అటుకులు, ఉప్మా మిక్స్. బియ్యం మోయకండి, అక్కడ ఏ బజార్లోనైనా దొరుకుతుంది. కరెంటు 230 వోల్టులే, మన రెండు పిన్నులవి చాలా చోట్ల పడతాయి, కుక్కర్ మూడు పిన్నులది పడదు, అడాప్టర్ కావాలి. గదిలో వండుకోవచ్చో లేదో బుకింగ్ ముందే అడగండి, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఆ గొడవే లేదు. ఆవకాయ నూనె ఉన్నది కాబట్టి చేతి సంచీలో 100 మి.లీ. నిబంధన కింద ఆపేస్తారు. చెకిన్ సామానులో వేయండి, సీసా మూత కింద పాలిథిన్ కాగితం బిగించి, మళ్లీ రెండు కవర్లలో.

---

ఓరుగల్లు_రవళి

అందరికీ చాలా థాంక్స్ అండీ. బస్సు ఆలోచన రద్దు, మూడు రోజుల పాసు ఖాయం. రెండు సందేహాలు మిగిలాయి. అంకోర్ వాట్ పై అంతస్తుకి మా ఆయనా నేనూ ఎక్కుదామనుకుంటున్నాం, పాపని తీసుకెళ్లొచ్చా? బాంతే స్రేయ్‌లో, తా ప్రోమ్‌లో నాన్న ఎంతవరకు తిరగగలరు?

---

ప్రాకారం

పై అంతస్తుని బాకాన్ అంటారు. పన్నెండేళ్లలోపు పిల్లల్ని ఎక్కనివ్వరు, కాబట్టి పాప కింద అమ్మమ్మ దగ్గరే. మీరిద్దరూ ఎక్కొచ్చు. పాత రాతి మెట్ల మీద చెక్క మెట్లు, చేతి కడ్డీ వేశారు గానీ నిటారుగానే ఉంటుంది. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగండి. ఒక్కసారి వందమందికే చోటు, కింద వరస. భుజాలూ మోకాళ్లూ కప్పి ఉండాలి. చేతుల్లేని కుర్తీ మీద చున్నీ కప్పుకుంటే ఒప్పుకోరు, చేతులున్నదే వేసుకోండి. చీరకి అభ్యంతరం లేదు, మెట్లకి మాత్రం చుడీదారే నయం.

ఇంకో మెలిక, బౌద్ధుల పుణ్యదినాల్లో బాకాన్ మూసేస్తారు. పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు. మన క్యాలెండర్‌లో మీ తేదీల తిథులు చూసుకోండి, వాళ్ల లెక్క ఒకరోజు అటూఇటూ కావచ్చు. అలాంటి రోజు పడితే అంకోర్ వాట్‌ని మూడో రోజుకి జరిపి తా ప్రోమ్‌ని ముందుకి తెచ్చుకోండి. ఎక్కలేకపోతే పోయేది పై నుంచి అడవి, బాట కనిపించే చూపు. శిల్పాలన్నీ కిందే ఉన్నాయి.

బాంతే స్రేయ్ నాన్నగారి కోసమే కట్టినట్టు ఉంటుంది. ఊరికి 37 కిలోమీటర్లు, గుడి మొత్తం నేల మట్టం, ఎత్తు మెట్లు లేవు. 967లో ప్రతిష్ఠ, కట్టించింది రాజు కాదు, యజ్ఞవరాహుడనే పండితుడు. గులాబీ రంగు ఇసుకరాయి, చెక్కమీద చెక్కినంత లోతుగా పనితనం. లోపలి ప్రాకారానికి తాడు కట్టారు, శిల్పాలు నాలుగైదు మీటర్ల దూరంలో ఉంటాయి, అందుకని బైనాక్యులర్ తప్పనిసరి. దక్షిణపు చిన్న మందిరం మీద ఒకవైపు కైలాసం కదిలించే రావణుడు, రెండోవైపు మన్మథ దహనం. ఉత్తరపు దాని మీద తూర్పు వైపు ఖాండవ దహనం: పైన ఐరావతం మీద ఇంద్రుడు, గీతలు గీతలుగా వాన, ఆ వానకి అడ్డంగా బాణాల కప్పు, కింద పారిపోతున్న జంతువులు. పడమటి వైపు కంస వధ. పడమటి గోపురం దగ్గర వాలి సుగ్రీవులు మళ్లీ కనిపిస్తారు. భీమ దుర్యోధనుల గదాయుద్ధం ఇక్కడిదే, ఇప్పుడు ఫ్నాంపెన్ జాతీయ మ్యూజియంలో ఉంది, తిలోత్తమ కోసం కొట్టుకునే సుందోపసుందులు ప్యారిస్ గిమే మ్యూజియంలో ఉన్నారు. 1923లో ఫ్రెంచి రచయిత ఆంద్రే మాల్రో ఇక్కడి దేవతామూర్తుల్ని కోయించి తీసుకుపోతూ ఫ్నాంపెన్‌లో దొరికిపోయాడు, అవి మాత్రం తిరిగొచ్చాయి.

తా ప్రోమ్‌లో చెక్క బాట వేశారు, ఒకవైపు నుంచి ఎక్కి రెండోవైపు దిగాలి. డ్రైవర్‌కి ముందే చెప్పి రెండో గేటు దగ్గరికి బండి రప్పించుకోండి, లేదంటే నాన్నగారు వచ్చిన దారే మళ్లీ నడవాలి. చెట్ల వేళ్లున్న చోట్ల నేల ఎగుడుదిగుడు, వాన పడి ఉంటే నాచు జారుతుంది. మన పురావస్తు శాఖ వాళ్లు అంకోర్ గుళ్ల బాగోగులు చూసే అక్కడి అప్సర సంస్థతో కలిసి ఏళ్ల తరబడి నిలబెట్టిన గుడి ఇది, పనికి ముందు, తర్వాత ఫొటోలు పెట్టిన బోర్డు లోపల ఉంటే ఆగి చూడండి. తొమ్మిది దాటితే ఫొటోల వరసలు మొదలవుతాయి.

దోమల మందు, పాపకి టోపీ, తలకి లీటరున్నర నీళ్లు. అరటిపళ్ల కవరు చేతిలో కనిపించేట్టు పట్టుకోవద్దు, కోతులు లాక్కుంటాయి. కరిస్తే గాయాన్ని సబ్బునీళ్లతో పావుగంట కడిగి, ఆ రోజే రేబిస్ టీకాకి ఆసుపత్రికి వెళ్లాలి, హైదరాబాద్ వచ్చాక చూద్దాంలే అనుకోకండి.